షూ పెట్టెలో వచ్చిన తాబేలు

మే 26, 2024, ఆదివారం
మదనపల్లె

రోహిణి కార్తె వచ్చింది. ఫ్యాను కింద కూర్చున్నా వీపు తడిసిపోతోంది. మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు బెంగళూరు నుంచి కొడుకుని వెంటబెట్టుకుని దిగింది. వాళ్ళెప్పుడొచ్చినా చేతిలో కేకు పెట్టె ఉంటుంది. ఈసారి షూ పెట్టె. మూతకి పొడిచిన చిల్లులు చూడగానే లోపల ఏదో ప్రాణి ఉందని అర్థమైపోయింది.

"నాలుగు రోజుల్నుంచి ఏమీ ముట్టటం లేదు పెద్దమ్మా. అక్కడ డాక్టరుకి చూపించాలంటే భయం. నువ్వైతే..." అని ఆపేసింది. ఎందుకు భయమో నాకూ తెలుసు, దానికీ తెలుసు.

నక్షత్ర తాబేలు. గృహప్రవేశానికి ఎవరో తెచ్చి ఇచ్చారట, ఇంట్లో తిరుగుతుంటే కలిసొస్తుందని. అప్పట్నుంచీ పదకొండో అంతస్తులో కాపురం. చిత్తూరు దాటి తమిళనాట అడుగుపెడితే, తాబేలు చొచ్చిన ఇల్లూ కోర్టు అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవని అంటారు. అదృష్టం కూడా రాష్ట్రం పొలిమేరలో మాట మారుస్తుందేమో.

వరండాలో తెల్లగుడ్డ పరిచి దాన్ని దించాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవులు, గేదెలు, గొర్రెలే. తాబేళ్ళు చేతికి వచ్చింది తక్కువ. అయినా జబ్బు జబ్బే. కడుపువైపు డిప్ప చదునుగా ఉంది, తోక పొట్టి. ఆడది. మగదైతే అక్కడ కొంచెం గుంట ఉంటుంది. వీపు మీద ఒక్కో పలక మధ్య పసుప్పచ్చని మచ్చ, దాన్నుంచి నలుపు మీదికి పరుచుకున్న పచ్చని చారలు. అందం సంగతి సరే, అంచుల దగ్గర బొటనవేలితో నొక్కితే డిప్ప లోపలికి పోతోంది. గట్టిగా ఉండాల్సిన ఎముక అది. పలకలు మితిమీరి పైకి లేచాయి. పై మూతి పెరిగి కిందికి వంగింది. టైల్సు మీద నడిచీ నడిచీ, అరగాల్సిన గోళ్ళు అరగక పక్కలకి తిరిగాయి. ఊపిరి వదిలినప్పుడల్లా ఎడమ ముక్కు దగ్గర చిన్న నీటి బుడగ ఉబ్బుతోంది, పగులుతోంది.

ఏం పెడుతున్నారని అడిగాను. అన్నం, టమాటా, క్యారెట్, పిల్లాడు తినేటప్పుడు ఒక బిస్కెట్. రాత్రిళ్ళు ఏసీ గది. పగలు బాత్‌రూంలో టబ్బు నిండా నీళ్ళు పోసి, అందులో ఒక రాయి వేసి, దాని మీద.

"తాబేలు కదా, నీళ్ళు లేకపోతే ఎట్లా?"

ఇది మెట్ట నేలమీద బతికే తాబేలని, ఈత రాదని, లోతు నీళ్ళలో జారితే మునిగి చచ్చిపోతుందని చెప్పాను. ఆ రాయి పుణ్యమా అని ఇన్నాళ్ళు బతికింది.

పళ్ళెంలో కాళ్ళు తడిసేంత గోరువెచ్చని నీళ్ళు పోసి కూర్చోబెట్టాను. చాలాసేపటికి తల వంచింది. మూతి నీళ్ళలో పెట్టి అలాగే ఉండిపోయింది. గొంతు కింది చర్మం ఆడుతుంటే తప్ప తాగుతున్నట్టే తెలియలేదు.

మే 28, మంగళవారం

పిల్లాడు దాన్ని వెల్లకిలా తిప్పాడు. వాళ్ళమ్మ కేకేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. అది కాళ్ళు ఒక పక్కకి ఆడించి, తల చాచి, ఒరిగి, దొర్లి లేచింది. ఒంట్లో నలతగా ఉన్నా లేచింది!

దీని వెనక పెద్ద లెక్కే ఉంది. హంగేరీ గణితవేత్తలు గాబొర్ డొమోకోష్, పీటర్ వార్కొన్యి కలిసి 2006లో ఒక రూపం తయారుచేశారు. దానికి గోంబోట్స్ అని పేరు పెట్టారు. లోపల ఎక్కడా అదనపు బరువు దాచరు. చదునైన నేల మీద ఎలా పడేసినా దొర్లుకుంటూ వచ్చి ఒకే పక్క మీద నిలబడుతుంది. తర్వాత వాళ్ళిద్దరూ తాబేళ్ళ డిప్పలు కొలుచుకుంటూ పోతే, ఆ రూపానికి బాగా దగ్గరగా వచ్చినవాటిలో మన నక్షత్ర తాబేలు ఒకటి. బల్లపరుపు డిప్ప ఉన్నవి మెడతో తన్ని లేవాలి. దీనికి ఆకారమే సగం పని చేసిపెడుతుంది. రాళ్ళగుట్టల్లో, గట్ల మీద పడుతూ లేస్తూ తిరిగేదానికి అంతకన్నా కావలసిందేముంది? ఈ సంగతి వాడికి చెప్తే వెంటనే మళ్ళీ తిప్పబోయాడు. ఈసారి నేనూ కేకేశాను.

రాత్రి వాడు అడిగాడు: "అమ్మమ్మా, దీని ఊరేది?"

బెంగళూరు కాదని మాత్రం చెప్పాను.

మే 30, గురువారం

చెల్లెలి కూతురితో తెగేసి మాట్లాడాల్సి వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదట నాలుగో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణతో మొదటి షెడ్యూలుకి ఎక్కింది, పులి ఉన్న షెడ్యూలుకి. నేరం రుజువైతే మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ దాకా జైలు. జరిమానా పాతిక వేలకు తగ్గదు. "ప్రేమగా పెంచుకున్నాం కదా" అనేది చట్టంలో ఎక్కడా లేదు.

"మరి కుక్కని పెంచుకోవచ్చు, దీన్ని ఎందుకు పెంచుకోకూడదు?" అని దాని వాదన. కుక్క వేల ఏళ్ళుగా మనిషి ఇంట పుట్టి పెరుగుతున్నది. ఇది గృహప్రవేశానికి కొద్ది నెలల ముందు ఏ చేని గట్టునో గడ్డి మేస్తూ ఉండి ఉంటుంది. దీని అమ్మ ఇంకా అక్కడే మేస్తూ ఉండొచ్చు. ఆ మాట అనేసరికి ఏడ్చింది. ఏడిపించాలని కాదు, నిజం అదే.

ఫారెస్టు ఆఫీసుకి ఫోను చేసి, సాయంత్రం నేనే వెంట వెళ్ళాను. రేంజరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. కాగితం రాయించుకున్నాడు. ఊపిరి జబ్బు తగ్గేదాకా తిరుపతి జూకి పంపిస్తామన్నాడు. ఏ మందులు, ఎంత వెచ్చదనం, ఏం పెట్టాలో నేనొక చీటీ రాసిచ్చాను: గరిక, తుత్తురాకు, మందారాకు, నాగజెముడు మట్టలు ముళ్ళు తీసి. సున్నం అందాలి, ఎండ తగలాలి. అన్నం వద్దే వద్దు. పిల్లాడు పెట్టె మూత తనే వేశాడు. దారంతా మాట్లాడలేదు.

జూన్ 4, మంగళవారం

ఊరంతా టీవీల ముందే. ఓట్ల లెక్కింపు. వీధిలో పొద్దుటినుంచీ టపాకాయలు. తలుపులేసుకుని పాత ఫైళ్ళు, మా అబ్బాయి పంపిన వ్యాసాలు ముందేసుకున్నాను. పిల్లాడి ప్రశ్న వదలటం లేదు.

శాస్త్రం పేరు జియోకెలోనే ఎలిగాన్స్. ఇవి ఉండేది లోకం మొత్తంలో మూడే చోట్ల. గుజరాత్, రాజస్థాన్‌లలోని మెట్టలు, వాటికి ఆనుకున్న సింధ్ ఒకటి. మన దక్షిణాది రెండోది: ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటకల్లోని వానతక్కువ నేలలు, కేరళలో కనుమల వాననీడన ఉన్న చిన్నార్. శ్రీలంకలో వానలు తక్కువగా పడే భాగం మూడోది. మధ్యలో అంతా ఖాళీ. చిట్టడవి, ముళ్ళకంప, గడ్డిబీడు, ఏడాదిలో కొన్నాళ్ళ వాన, మిగతా కాలమంతా ఎండ. దట్టమైన అడవిలో వెతికితే దొరకదు. మనం "పనికిరాని బంజరు" అని రెవెన్యూ లెక్కల్లో రాసుకునే నేలే దీని అసలు ఇల్లు.

వాయవ్యాన ఉన్నవీ దక్షిణాన ఉన్నవీ చూడటానికి ఒకటే. జన్యువుల్లో మాత్రం వేరువేరు గుంపులని తేలింది. ఈ పనిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ పేరు చెప్పుకోవాలి. సింగపూర్‌లో పట్టుబడి వెనక్కి వచ్చిన తాబేళ్ళ డీఎన్ఏ చూసి అవి ఎక్కడివో కనిపెట్టే ప్రయత్నం చేసి, 2006లో వ్యాసం వేశారు. పోలీసు కుక్కలా వాసన పట్టడమే, కాకపోతే రక్తపు చుక్కలో. అసలు అంత కష్టమెందుకంటే, గుజరాత్ తాబేలుని తెచ్చి మన గుట్టల్లో వదిలితే వేల ఏళ్ళుగా విడివిడిగా ఉన్న రెండు వంశాలు కలగాపులగమైపోతాయి. వాటితో జబ్బులూ వస్తాయి.

అంటే పిల్లాడికి చెప్పాల్సిన జవాబు ఇది: దాని ఊరేదో దాని రక్తంలో రాసి ఉంది. ఆ రాత కూడా ఇలాకా వరకే చెప్తుంది, ఫలానా చేను అని చెప్పదు.

పది గంటలైనా టపాకాయలు ఆగలేదు.

జూన్ 15, శనివారం

మృగశిరలో రెండు మంచి వానలు. నిన్న సాయంత్రం కురిసి రాత్రికి వెలిసింది. ఎప్పట్నుంచో అనుకుంటున్నది ఇవాళ చేశాను. తెల్లవారుజామున ఆటోలో మా నాన్నగారి ఊరు వెళ్ళాను. పొలం ఇప్పుడు మాది కాదు, కానీ గెనిమ మీద నడిస్తే ఎవరూ కాదనరు. మేకల తాతని పలకరించి వెంట రమ్మన్నాను.

"తాబేళ్ళా? నిన్న మొన్న అయితే నీ కాలికి తగిలినా కానరావు మా. వానొచ్చింది గదా, పొద్దు పొడిసినాక చూడు" అన్నాడు.

ఎండాకాలం ఎక్కడికి పోతాయని అడిగాను.

"యాడికీ పోవు. ఈడే, ఈ కంప కింద, ఆకుల్లో మూతి దూర్చుకోని పండుకోనుంటాయి. తినవు, తాగవు. వాన సుక్క పడితే లేస్తాయి."

పుస్తకాలు ఒక పేజీ రాసేదాన్ని ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఎండలు ముదిరాక తిరుగుడు మానేసి పొద కింద పడి ఉండటం, వానలతో లేవటం, వానల్లోనే జతకట్టటం. వానలున్నన్నాళ్ళూ కూడా పొద్దున, సాయంత్రం మాత్రమే మేత. మిట్టమధ్యాహ్నం నీడ.

చేను ఇంకా విత్తలేదు. రెండు కయ్యల మధ్య రేగు, బలుసు, పరికి కలిసిన పాత కంపవెలుగు. దాని అడుగున గరిక అప్పుడే పచ్చబడుతోంది. తాత చేత్తో చూపించాడు. నాకు ఎండుగడ్డి, నాలుగు గులకరాళ్ళు కనిపించాయి. మళ్ళీ చూపించాడు. మళ్ళీ అంతే. అప్పుడు ఆ గులకరాళ్ళలో ఒకటి ముందుకి కదిలింది.

బెంగళూరు టైల్సు మీద నగలా మెరిసిన ఆ గీతలే ఇక్కడ కంటికి ఆనటం లేదు. గడ్డిపోచల నీడలు దాని డిప్ప మీద పడితే, ఏది నీడో ఏది చారో తెలియదు. గుండ్రటి ఆకారం ముక్కలు ముక్కలై నేలలో కలిసిపోతుంది. నక్క చూసినా గద్ద చూసినా కనపడకుండా ఉండటానికి అబ్బిన రంగు అది. మనకి ముచ్చటేసింది సరిగ్గా దాన్ని చూసే.

కూర్చుని చూశాను. చెయ్యంత దూరం. గరిక కొసని మూతి పక్కనుంచి పట్టి, ముందుకాలు నేలమీద తన్ని పెట్టి, తల వెనక్కి గుంజింది. పోచ పుటుక్కున తెగింది. నమలటం లేదు, మింగటమే. మళ్ళీ ఒక పోచ. మూతి వంకర తిరక్కుండా అరిగేది ఇలాగే కాబోలు. గోళ్ళు పొట్టిగా, మొద్దుగా ఉన్నాయి. పలకల మీద కొద్దిగా బుడిపెలు ఉన్నాయి గానీ అంచులు రాయిలా గట్టి. పక్కనే రాతి గుంటలో నిన్నటి వాననీళ్ళు. అందులోకి మెడంతా చాచింది. అంత పొడుగు మెడ ఉంటుందని అనుకోలేదు. కొంచెం అవతల దాని పేడ, వేలంత. పుల్లతో విప్పి చూస్తే గడ్డి పీచు, నడుమ ఏవో గింజలు. పొదలో పండు తిని ఇంకో పొద దగ్గర విత్తుతోందన్నమాట.

ఇవి గడ్డి, ఆకులు, రాలిన పూలు, పండ్లతోపాటు అప్పుడప్పుడు పురుగునో నత్తనో కూడా వదలవు. ఆడది గుడ్లు పెట్టేటప్పుడు మూత్రంతో నేల నానబెట్టి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, పూడ్చి వెళ్ళిపోతుంది. ఎంత పెద్దదైనా ఒక కాన్పుకి పది లోపే. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజున ఒంటిమీద ఈ నక్షత్రాలు ఉండవు. పసుపు మీద నల్ల మచ్చలు ఉంటాయంతే. డిప్ప పెరిగేకొద్దీ చారలు విచ్చుకుంటాయి.

తిరిగొస్తుంటే తాత తనే ఎత్తాడు. "ముందు శానా ఉండేవి మా. గోనెసంచులు తీసుకోని పిల్లోళ్ళు వచ్చేవాళ్ళు. ఒకదానికింత అని ఇస్తారంట టౌన్లో. యాడికి పోతాయో మనకేం తెలుసు."

ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.

జూన్ 16, ఆదివారం

నిన్న రాయలేకపోయింది ఇవాళ.

వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. మన దేశంలో ఒకే ఒక్క వ్యాపార కేంద్రానికి ఏడాదిలో చేరిన నక్షత్ర తాబేళ్ళు కనీసం 55 వేలని తేల్చారు. ఒక్క కేంద్రానికే. చెన్నై విమానాశ్రయంలో సూట్‌కేసుల్లో, సాక్సుల్లో చుట్టి పట్టుబడటం పేపర్లో చదివీ చదివీ మనకి వార్తగా కూడా అనిపించటం మానేసింది. బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్. చిన్నపిల్లలైతే పెట్టెలో ఎక్కువ పడతాయి.

అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందంలో 1975 నుంచీ ఇది రెండో అనుబంధంలో ఉండేది. 2019లో మొదటి అనుబంధంలోకి మార్చారు. అంటే అడవి నుంచి పట్టినదాన్ని దేశం దాటించి అమ్మటానికి వీల్లేదు. చట్టం అక్కడా గట్టిదే, ఇక్కడా గట్టిదే. ఆడది గుడ్లు పెట్టే ఈడుకి రావటానికి ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. సంచి నిండటానికి ఒక పొద్దు చాలు. ఈ లెక్క ఏ చట్టంతోనూ సరిపోదు.

గోనెసంచి పట్టుకున్న పిల్లోళ్ళ మీద నాకు కోపం రాదు. వాళ్ళకి అందేది కూలి డబ్బులే. గాజు పెట్టెలో పెట్టుకుని ఫోటో తీసుకునేవాడి మీదే నా కోపం. అందులో మా ఇంటివాళ్ళూ ఉన్నారు.

ఆగస్టు 19, సోమవారం
శ్రీకాకుళం

శ్రావణమాసం పెళ్ళి. నిన్న ముహూర్తం అయింది, ఇవాళ అందరం శ్రీకూర్మం వెళ్ళాం. విష్ణువుని కూర్మావతారంలో కొలిచే గుడి, చాలా అరుదు. గుడి దగ్గర ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని ఉంచారు. భక్తులు ఆకుకూర కట్టలు తెచ్చి వేస్తున్నారు. ఒక ముసలామె పెసరపప్పు ప్రసాదం వేయబోతే పక్కనున్న కుర్రాడు "వద్దమ్మా, ఆకులే వెయ్యాలి" అని ఆపాడు. వాడికి దండం పెట్టాలనిపించింది.

పాలసముద్రంలో మందర పర్వతాన్ని మోసిన కూర్మం నీటి కూర్మమే అయి ఉండాలి. ఇవి మోకాలి లోతు నీళ్ళలో కూడా బతకవు. దేవుడి పేరు వీటికి వచ్చింది, ఇంటికి తెచ్చుకుంటే పుణ్యమన్న మాటా వచ్చింది. భక్తి వల్ల బతికినవీ ఉన్నాయి, భక్తి వల్ల టబ్బులపాలైనవీ ఉన్నాయి. ఏవి ఎక్కువో నేను చెప్పలేను.

సెప్టెంబర్ 22, ఆదివారం
మదనపల్లె

పిల్లాడు ఫోను చేశాడు. తాబేలు బాగుందని రేంజరు చెప్పినట్టు చెప్పాను: ముక్కు కారటం ఆగింది, గడ్డి తింటోంది. "అయితే దాని ఊళ్ళో వదిలేస్తారా?" అన్నాడు.

వదిలేయటం అంత తేలిక కాదని చెప్పటానికి చాలాసేపు పట్టింది. 2018లో సింగపూర్ నుంచి 51 తాబేళ్ళని విమానంలో బెంగళూరు తీసుకొచ్చారు. వాటినీ దిగీ దిగగానే అడవిలో వదల్లేదు. వేరుగా ఉంచి, పరీక్షలు చేసి, ఇక్కడి మేతకీ వాతావరణానికీ అలవాటు చెయ్యాల్సి వచ్చింది. మనది మెత్తబడిన డిప్పతో ఉంది. నక్క పన్ను దిగితే ఆగదు. అది ఇక జూలోనే ఉండొచ్చని చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "అయితే దాని ఊరికి దాని బదులు ఏం ఇస్తారు?" అన్నాడు. ఏడో తరగతి వాడు!

మా నాన్నగారి ఊరి నుంచి కబురు కూడా వచ్చింది. ఆ కంపవెలుగుని జేసీబీ పెట్టి తీసేశారు. రెండు కయ్యలు కలిపి డ్రిప్పు వేసి టమాటా పెడతారట. చేసినవాణ్ణి తప్పుపట్టలేను, ముళ్ళకంప ఎవరికి కూడు పెడుతుంది? గోనెసంచి కన్నా ఈ జేసీబీయే పెద్ద ప్రమాదం అనుకుంటున్నాను. పట్టుకెళ్ళిన తాబేలుని వెతికి తేవచ్చు. పొద పోయాక తెచ్చి ఎక్కడ పెడతాం?

సెప్టెంబర్ 29, ఆదివారం

వచ్చే వారం వన్యప్రాణి వారోత్సవాలు. హైస్కూలు హెడ్‌మాస్టరు మాట్లాడమని పిలిచాడు. పావుగంట ఇచ్చాడు. పిల్లలు పావుగంట కన్నా వినరు, అదీ మంచిదే. చెప్పాల్సినవి రాసుకుంటున్నాను.

గట్టు మీద తాబేలు కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వండి. రోడ్డు మీద ఉంటే అది ఎటు మొహం పెట్టి ఉందో ఆ పక్కకే దాటించి వదలండి. సంచితో ఎవరైనా కనిపిస్తే మీరు తగాదాకి పోవద్దు, పెద్దవాళ్ళకి చెప్పండి. మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో ఇప్పటికే ఉంటే, భయపడి రాత్రికి రాత్రి గుట్ట మీద వదిలి రావద్దు. జబ్బుని అక్కడివాటికి అంటిస్తారు. చెరువులో అసలే వెయ్యొద్దు, మునిగిపోతుంది. ఫారెస్టు ఆఫీసుకి ఫోను చేసి అప్పజెప్పండి. మీ నాన్న చేను గట్టున కంప కొట్టేస్తుంటే, ఒక్క మూల వదలమని అడగండి.